కుక్క ఎముకల్లో పాలపన్ను

కరోనా వచ్చిన ఆ ఏడాది మార్చి మొదట్లో మా ల్యాబ్‌కి అలాస్కా నుంచి రెండు పెట్టెల కుక్క ఎముకలు వచ్చాయి. వాటితోపాటు ఒక మనిషి కూడా వచ్చింది. ఎముకలకు తోడుగా మనిషి రావడం నేనెప్పుడూ చూడలేదు. మామూలుగా కొరియర్ అతను వస్తాడు, సంతకం పెట్టించుకుని పోతాడు.

న్యూజిలాండ్‌లో, ఆక్లండ్‌లోని ఆ ల్యాబ్‌లో నేను టెక్నీషియన్‌ని. పాత ఎముకను కడిగి, సన్నటి డ్రిల్‌తో చిటికెడు పొడి తీసి, ఆసిడ్‌లో నానబెట్టి మెషీన్‌కి ఇస్తే, ఆ జంతువు బతికినన్నాళ్ళూ ఎలాంటి తిండి తిన్నదో తెలుస్తుంది. సముద్రంలో దొరికిందా, నేలమీద దొరికిందా అన్నది ఎముకలో ఉండిపోతుంది. ఉత్తర ధ్రువం వైపు చలిదేశాల్లో కుక్కలు మనుషులు పెట్టిందే తినేవి కాబట్టి, కుక్క ఏం తిందో చూస్తే ఇంట్లోవాళ్ళు ఏం తిన్నారో ఊహించవచ్చు. మనుషుల ఎముకల జోలికి వెళ్ళకుండా మనుషుల సంగతి తెలుసుకునే దారి అది.

వచ్చినావిడ అలాస్కా మూలవాసుల్లో యూపిక్ జాతి మనిషి. బేరింగ్ సముద్రం ఒడ్డున చిన్న ఊరు. వయసు అరవై దాటి ఉంటుంది. పొట్టి మనిషి, జుట్టు నెరిసినా ఒత్తుగా ఉండేది. మాట మెల్లగా వచ్చేది, చూపు మాత్రం చురుగ్గా ఉండేది. వాళ్ళ ఊరి దగ్గర గడ్డకట్టి ఏనాడూ కరగని నేల ఇప్పుడు కరుగుతోందట. ఒడ్డు విరిగి సముద్రంలో పడుతుంటే, వందల ఏళ్ళ కిందటి మట్టి ఇళ్ళు బయటపడుతున్నాయట. సముద్రం తీసుకుపోయే లోపు తవ్వుకోండని ఊరివాళ్ళు శాస్త్రజ్ఞులకు ఒప్పుకున్నారు. కానీ కొన్ని షరతులు పెట్టారు. జంతువుల ఎముకలనే పరీక్షించాలి. ఊరి మనిషి ఒకరు వెంట ఉండాలి. పని అయ్యాక మిగిలిందంతా ఊరికి చేరాలి. వాళ్ళ తాతల కాలంలో ఎవరో వచ్చి సమాధులు తవ్వి తీసుకుపోయిన ఎముకలు ఇంతవరకూ తిరిగి రాలేదని ఆవిడే చెప్పింది.

మూడు వారాలు ఉండి వెళ్ళిపోదామని వచ్చింది. ఆ మూడు వారాలూ పూర్తికాక ముందే దేశం మూతపడింది. విమానాలు ఆగిపోయాయి. ఆవిడ ఊరు కూడా తలుపులు వేసుకుంది. బయటివాళ్ళెవరూ, సొంతవాళ్ళయినా సరే, ఇప్పుడు రావద్దన్నారు. ఆవిడ దిగిన మోటెల్ వాళ్ళు ఖాళీ చేయమన్నారు.

మా ల్యాబ్ పెద్ద అప్పటికే ఆక్లండ్‌కి అవతల సముద్రం ఒడ్డునున్న కోరమాండల్‌లోని తన సెలవు ఇంటికి వెళ్ళి అక్కడే చిక్కుకుపోయాడు. ఫోన్ చేసి, "మీ ఇంట్లో ఒక గది ఖాళీగా ఉంది కదా?" అన్నాడు.

ఖాళీగానే ఉంది. మా ఆయన తమ్ముడి పెళ్ళికని ఫిబ్రవరిలో తెనాలి వెళ్ళారు. ఆయన వీసా నా వర్క్ వీసా మీద ఆధారపడింది. నా వీసా ఆ ల్యాబ్ మీద ఆధారపడింది. సరిహద్దులు మూసేశాక మాలాంటి టెంపరరీ వీసావాళ్ళు దేశం బయట ఉంటే బయటే ఉండిపోయారు. ఆయన మళ్ళీ ఎప్పుడొస్తారో చెప్పగలిగిన మనిషి ఎవరూ లేరు. ఆక్లండ్ శివారు టకానినిలో మేం అద్దెకున్న ఆ కొత్త ఇంట్లో నేనూ, ఆరేళ్ళ మా పాపా మిగిలాం. నేను కారు వేసుకుని వెళ్ళి ఆవిణ్ణి తీసుకొచ్చాను.

మా వీధిలో ఇళ్ళన్నీ ఒకేలా ఉంటాయి. ఇంటికీ ఇంటికీ మధ్య ఆరడుగుల చెక్క కంచె. వెనక గుమ్మంలో నిలబడితే కంచె, ముందు గుమ్మంలో నిలబడితే ఎదుటివాళ్ళ గరాజ్ తలుపు. ఆవిడ మొదటిరోజు రెండు గుమ్మాల్లోనూ నిలబడి చూసి, "చూపు ఎక్కడ పెట్టుకుంటారు మీరు?" అని అడిగింది. నాకు ప్రశ్న అర్థం కాలేదు. వాళ్ళ ఊళ్ళో ఎటు చూసినా ఆకాశం నేలను తాకే దాకా కనిపిస్తుందట. రోజంతా వేటలో ఏమీ దొరక్కపోయినా కళ్ళకు మాత్రం పని ఉంటుందట.

తర్వాతి వారాల్లో నాకూ అర్థమైంది. మోటర్‌వే మీద చప్పుడు లేదు. రైళ్ళు ఖాళీగా పోయేవి. మధ్యాహ్నం టీవీలో కేసుల లెక్క విని, మాస్కు కట్టుకుని, అదే బ్లాక్ చుట్టూ నడిచొచ్చేవాళ్ళం. పిల్లల కోసమని జనం కిటికీల్లో టెడ్డీబేర్ బొమ్మలు పెట్టారు. మా పాప వాటిని లెక్కపెట్టుకుంటూ నడిచేది. ఆవిడ మాత్రం ప్రతి సందు మలుపులోనూ ఆగి తల ఎత్తి చూసేది, అవతల ఏమైనా విశాలంగా కనిపిస్తుందేమోనని. మళ్ళీ కంచెలే. నెమ్మదిగా నడకకి రావడం మానేసింది.

వేడి కూడా పడేది కాదు. ఇక్కడ ఏప్రిల్‌కే చలి మొదలవుతుంది, గది వెచ్చబడటానికి నేను హీట్ పంప్ వేస్తే ఆవిడ గదిలో కిటికీ తీసుకుని పడుకునేది. పాపకి మాత్రం ఆవిడంటే భలే ఇష్టం కుదిరింది. "ఆంటీ అనాలమ్మా" అని నేను నేర్పితే ఆంటీ అనే పిలిచేది. మా పాపకి తెలుగు అర్థమవుతుంది గానీ జవాబు ఇంగ్లీషులో వస్తుంది. ఆవిడ మనవలు కూడా అంతేనట. "మా భాషలో తిడితే నవ్వుతారు, ఇంగ్లీషులో తిడితే ఏడుస్తారు" అంది.

ఒకరోజు నేను వంటింట్లో కత్తిపీట వేసుకుని కూర్చుని చేప కోస్తుంటే వచ్చి నా పక్కన నేలమీద చతికిలబడింది. కాళ్ళు బారజాపుకుని కూర్చుని, తన సంచీలోంచి అర్ధచంద్రంలా ఉన్న కత్తి ఒకటి తీసింది. అది వాళ్ళ ఆడవాళ్ళ కత్తట. పక్కన అట్టముక్క పరిచి, ఫ్రీజర్‌లోని సాల్మన్ చేప ముక్కని పలచటి పొరలుగా చెక్కింది. అలా గడ్డకట్టినదే తినాలంది. పాప వెంటనే తినేసింది. నేను కాస్త కారం, ఉప్పు అద్దుకుని తిన్నాను. బాగుంది. నేను వండిన పులుసులో తలకాయ ఆవిడకిచ్చాను. దాన్ని ఎముక ఎముకా విడదీసి, శుభ్రంగా తిని, "ఇన్నాళ్ళకి భోజనం చేశాను" అంది. ఆ పూట ఇల్లు కాస్త పెద్దదైనట్టు అనిపించింది. అలాంటి పూటలు ఎక్కువ రాలేదు.

ల్యాబ్ మూసేసినా ఫ్రీజర్లు చూసుకోవడానికి వారానికొకసారి వెళ్ళేందుకు నాకొక్కదానికే అనుమతి ఉంది. ఆవిడ ప్రతిసారీ అడిగేది, "నేనూ రావచ్చా?" అని. కుదరదని చెప్పాల్సి వచ్చేది. "అయితే వాటికి నేనింకా ఇక్కడే ఉన్నానని చెప్పు" అనేది. ఇంత దూరం వాటికోసం వచ్చి, వాటికి అరగంట దూరంలో ఉండి, చూడలేకపోవడం ఆవిణ్ణి తినేసింది.

ఏప్రిల్‌లో ఒకసారి వెళ్ళినప్పుడు, రెండో పెట్టెలోవి విడదీసి పెట్టమని ల్యాబ్ పెద్ద మెసేజ్ పెట్టాడు. అందులో ఒక కుక్క అస్థిపంజరం దాదాపు మొత్తం ఉంది. పక్కటెముకల కింద మట్టి గడ్డకట్టి ఉంటే, దాన్ని నీళ్ళలో నానబెట్టి జల్లెడ పట్టాను. చేప ముళ్ళు, బొచ్చు, ఏవో గింజలు తేలాయి. అడుగున ఒక పన్ను మిగిలింది. గోధుమ రంగుకి తిరిగిన చిన్న పన్ను. చేతిలోకి తీసుకోగానే తెలిసిపోయింది, అది కుక్కది కాదు. లాక్‌డౌన్‌కి కాస్త ముందే మా పాపకి ముందుపన్ను ఊడింది. రెండూ ఒకేలా ఉన్నాయి. కింద వేరు లేదు, అరిగి గుల్లగా ఉంది. ఊడాల్సిన వేళకి తనంతట తానే ఊడిన పాలపన్ను.

ఫోటో తీసి ల్యాబ్ పెద్దకి పంపాను. నిమిషంలో వీడియో కాల్ వచ్చింది. వెనక సముద్రం కనిపిస్తోంది, గడ్డం పెరిగింది.

"ఇది ఎంత పెద్ద విషయమో తెలుసా?" అన్నాడు. "పాలు మానిపించింది ఎప్పుడు, ఆ తల్లి ఏం తినేది, అన్నీ ఈ ఒక్క పన్నులో ఉంటాయి. డ్రిల్ ఎక్కడుంది?"

"జంతువులవి మాత్రమే అని ఒప్పందం కదా?" అన్నాను.

"ఇది సమాధిలోది కాదు. ఎవరూ చనిపోలేదు. ఊడిపోయిన పన్ను. పైగా కుక్క కడుపులో దొరికింది. కుక్క తిన్నదాంట్లో ఇదొక భాగం."

"ఆవిణ్ణి ఒకమాట అడుగుదామా? మా ఇంట్లోనే ఉంది."

"అడిగితే ఊరంతా మీటింగ్ పెట్టుకోవాలి. ఇప్పుడు మీటింగ్ ఎలా పెట్టుకుంటారు? ఈ ఏడాదితో మన గ్రాంట్ డబ్బు అయిపోతుంది, ఇలాంటిదేదైనా చూపిస్తే గానీ మళ్ళీ ఇవ్వరు. చిన్న చిటికెడు చాలు. తర్వాత మెల్లగా చెబుదాం." గడ్డం గోక్కుంటూ, "అన్నట్టు నీ వీసా కాగితాలు నా దగ్గరే ఉన్నాయి, వచ్చేవారం చూస్తాను" అన్నాడు.

రెండు మాటలూ ఒకే గొంతుతో అన్నాడు. బెదిరించాడో, గుర్తొచ్చి చెప్పాడో నాకు ఇవాళ్టికీ తెలీదు. చెడ్డవాడు కాదు. మా ఆయన రావడానికి ప్రత్యేక అనుమతి కోసం రెండుసార్లు ఉత్తరం రాసిచ్చింది ఆయనే. కానీ నాకు మాత్రం నాలుగు గోడలూ ఒక్కసారి దగ్గరికి జరిగినట్టయింది. ఫ్రీజర్ లాగ్‌లో సంతకం చేసి, పన్నుని చిన్న గాజు గొట్టంలో వేసి, మూతపెట్టి, ఏమీ చేయకుండా ఇంటికొచ్చేశాను.

సాయంత్రం మా ఆయనతో ఫోన్లో చెప్పాను. అక్కడ మధ్యాహ్నం, ఎండ. వాళ్ళ ఇంట్లో ముందుగదిలో పెళ్ళికొచ్చి ఇరుక్కుపోయిన చుట్టాల మధ్య కూర్చుని ఉన్నారు.

"చేసెయ్. ఎవరికి తెలుస్తుంది?" అన్నారు.

"నాకు తెలుస్తుంది కదండీ. ఆవిడ పక్క గదిలో ఉంది."

"మరి నేనెక్కడున్నాను? ఆ కాగితాలు పోతే మనిద్దరికీ దారి లేదు. చిన్న పన్ను అది. వందల ఏళ్ళనాటిది."

ఆయన అన్నదాంట్లో అన్యాయం ఏమీ లేదు. దానికే కోపం వచ్చింది. ఫోన్ పెట్టేసి వంటింట్లోకి వెళ్తే ఆవిడ గిన్నెలు కడుగుతోంది. నా మొహం చూసి, "ఇంటి నుంచి కబురు మంచిది కాదా?" అని అడిగింది. "అంతా బాగానే ఉంది" అన్నాను. ఆ వారమంతా ఆవిడ ఎదురుపడితే పక్కకి తప్పుకున్నాను. నాలుగు గదుల ఇంట్లో ఒక మనిషి నుంచి తప్పుకోవడం ఎంత కష్టమో అప్పుడే తెలిసింది. బట్టలు ఆరేయడానికి వెళ్తే కంచె పక్కన ఆవిడే. పాప గదిలోకి వెళ్తే కథ చెబుతూ ఆవిడే. పాపకి స్కూలు ఆన్‌లైన్లో నడుస్తుంటే పక్కన కూర్చుని అల్లుతూ ఆవిడే. చివరికి గరాజ్‌లో కారెక్కి, డోర్ వేసుకుని, కాసేపు ఊరికే కూర్చునేదాన్ని.

ఆ వారాంతంలో పాపకి రెండో పన్ను ఊడింది. మొదటిసారి దిండు కింద పెడితే, ఇక్కడి పిల్లలు నమ్మే పళ్ళ దేవత టూత్ ఫెయిరీ నాణెం పెట్టి వెళ్ళింది. ఇప్పుడు లాక్‌డౌన్ కదా, టూత్ ఫెయిరీ మన బబుల్‌లో, అంటే మనం కలవొచ్చన్న ఇంటివాళ్ళలో, లేదు కదా, ఎలా వస్తుందని పాపకి బెంగ. బల్ల దగ్గర కూర్చుని చేతిలో పన్ను పెట్టుకుని అదే అడుగుతోంది.

"మా ఊళ్ళో అయితే పేడలో చుట్టి ఇంటి కప్పు మీదకి విసిరేవాళ్ళం" అన్నాను.

పాప మొహం చిట్లించింది. ఆవిడ నవ్వింది. "మా అమ్మమ్మ మాంసం ముక్కలో చుట్టి ఇచ్చేది. దాన్ని ఆడకుక్కకి పెట్టి, దీనికంటే మంచి పన్ను ఇమ్మని అడగాలి. నా పళ్ళన్నీ కుక్కలే తిన్నాయి."

నేను చేతిలో ఉన్న గ్లాసు కింద పెట్టేశాను. కుక్క పక్కటెముకల కింద ఆ పన్ను ఎలా చేరిందో అప్పటిదాకా నేను ఆలోచించలేదు. ఎవరో ఒక పిల్ల, తల్లి చుట్టి ఇచ్చిన ముక్కని తన చేత్తో కుక్క నోటికి అందించి ఉంటుంది. పాపని టీవీ చూసుకోమని పంపించి, ఆవిడ ఎదురుగా కూర్చున్నాను.

"మీకొకటి చెప్పాలి. రెండో పెట్టెలో కుక్క కడుపు దగ్గర మనిషి పన్ను దొరికింది. పాలపన్ను. వారం అయింది."

"వేరు ఉందా?" అని ఆవిడ అడిగింది.

"లేదు. అరిగిపోయింది."

"అంటే మామూలుగా ఊడిందే."

"అవును."

"అయితే ఆ పిల్లకి కొత్త పన్ను వచ్చింది" అంది. అంటుంటే ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆ మట్టి ఇళ్ళలో వాళ్ళకి ఇంతవరకూ దొరికినవన్నీ ముగిసిపోయిన బతుకులేనట. కాలిన దూలాలు, విరిగిన బాణాలు, చచ్చిన కుక్కలు. ఒక పిల్ల ఆ రోజు బాగానే ఉండి, పెరుగుతూ ఉండిందన్న ఆనవాలు ఇదే మొదటిదట.

అప్పుడు మిగతాది కూడా చెప్పాను. డ్రిల్ సంగతి, మా పెద్ద అన్నమాట, నా వీసా, మా ఆయన. ఆవిడ కోప్పడుతుందనుకున్నాను. "నువ్వు బాగా ఇరుక్కుపోయావు" అంది అంతే. ఆ మాట ఎవరూ నాతో అనలేదు అంతవరకూ. అందరూ ఓపిక పట్టమన్నవాళ్ళే.

"మీకేమనిపిస్తోంది? పరీక్ష చేయొచ్చా?" అని అడిగాను.

"నాకైతే తెలుసుకోవాలనే ఉంది. వాళ్ళమ్మ ఏం తినేదో, ఎన్నాళ్ళు పాలిచ్చిందో. కానీ అది నా ఒక్కదాని పన్ను కాదు. ఊరిని అడగాలి."

మర్నాడే మా పెద్దకి ఫోన్ చేసి, ఆవిడకి చెప్పేశానన్నాను. "సరే, అయితే అడగక తప్పదు" అన్నాడు. గొంతులో కోపం లేదు. అలసట ఉంది. ఆ గ్రాంట్ పోతే ఆయన మాలాంటివాళ్ళకి జీతాలివ్వడం కష్టమని నాకూ తెలుసు.

తర్వాతి వారం ల్యాబ్‌కి వెళ్ళినప్పుడు నేనే ఆవిడకి వీడియో కాల్ చేశాను. గాజు గొట్టంలోంచి పన్ను తీసి తెల్లబట్ట మీద పెట్టి, ఫోన్ దగ్గరగా పట్టుకున్నాను. ఆవిడ మా వంటింట్లో కూర్చుని ఉంది, వెనక మా పాప కనిపిస్తోంది. కాసేపు చూసింది. తర్వాత వాళ్ళ భాషలో మాట్లాడటం మొదలుపెట్టింది. ఒక్క ముక్క అర్థం కాలేదు. పసిపిల్లలతో మాట్లాడే గొంతు మాత్రం ఎక్కడైనా ఒకటే. ఎవరూ లేని ల్యాబ్‌లో, ఫ్రీజర్ల హోరులో, ఆ గొంతు ఫోన్ స్పీకర్లోంచి వస్తూనే ఉంది. నా చెయ్యి లాగేస్తున్నా దించలేదు.

ఊరి పెద్దలు ఫోన్ల మీదే మాట్లాడుకున్నారు. లైను సరిగ్గా ఉండక రోజుల తరబడి సాగింది. చివరికి వద్దన్నారు. కుక్కకి ఇచ్చినదాన్ని మనం వెనక్కి తీసుకోవడమే తప్పు, దాన్ని పొడి చేయడం ఇంకా తప్పు అన్నారట. ఆవిడ ఆ రోజు తన గదిలోంచి బయటికి రాలేదు. తెలుసుకోవాలని ఆవిడకి నిజంగానే ఆశ ఉండింది. మరునాడు వచ్చి, "వాళ్ళు చెప్పింది సరైనదే. నాకు నచ్చలేదు" అంది.

లాక్‌డౌన్ సడలించాక ఆవిడ ఎదుటే కుక్క ఎముకల పరీక్షలు పూర్తి చేశాం. ఆ కుక్కలు ఎక్కువగా సాల్మన్, కాస్త సీల్ మాంసం తిన్నాయని తేలింది. అది ఊళ్ళో అందరికీ ముందే తెలిసిన సంగతేనని ఆవిడ నవ్వింది. ఊరు తలుపులు తెరిచాక, ఇక్కడి చలికాలం చివర్లో, ఆగస్టులో, రెండు పెట్టెలతో బయల్దేరింది. పన్నుని మాత్రం పెట్టెలో పెట్టలేదు, మెడలో కట్టుకున్న చిన్న సంచీలో వేసుకుంది. ఎయిర్‌పోర్ట్ లోపలికి ప్రయాణికులనే వెళ్ళనిస్తున్నారు. బయట కారు దగ్గరే వీడ్కోలు. పాపని ఎత్తుకుని ముద్దు పెట్టుకుంది, నా చెయ్యి గట్టిగా పట్టుకుని వదిలేసింది. తిరిగొచ్చేటప్పుడు దారంతా పాప ఏడుస్తూనే ఉంది.

పన్నుని ఊళ్ళో ఏం చేశారని తర్వాత ఒకసారి ఫోన్లో అడగబోయి ఆగిపోయాను. ఆవిడా చెప్పలేదు.

మా పెద్ద నా వీసా కాగితాల మీద సంతకం చేశాడు. మాట తప్పలేదు. కానీ ఏడాది చివర్లో గ్రాంట్ లేదని నా కాంట్రాక్ట్ ముగిసింది. ఆ పన్ను వల్లనా అంటే చెప్పలేను. కొన్ని నెలలు వీసా ఉందో లేదో తెలియని స్థితిలో గడిపాక, పాలు పరీక్షించే ల్యాబ్‌లో ఉద్యోగం దొరికింది. తర్వాత గవర్నమెంట్ మాలాంటి వాళ్ళకి ఒక్కసారిగా రెసిడెన్స్, అంటే ఇక్కడే స్థిరంగా ఉండిపోయే అనుమతి, ఇచ్చింది. మా ఆయన రెండేళ్ళ తర్వాత, సరిహద్దులు తెరిచాకే రాగలిగారు. ఎయిర్‌పోర్ట్‌లో పాప నా వెనక నక్కి, ఆయన్ని తేరిపార చూసి, ఇంగ్లీషులో హలో చెప్పింది. ఆయన వంగి తెలుగులో పలకరించారు. పాప నా వైపు చూసింది, ఏమనాలి అన్నట్టు.

ఇంటికొచ్చిన మర్నాడు ఆయన ఉత్సాహంగా, "ఇక మనకి అడ్డేముంది? ఎక్కడికైనా వెళ్దాం. ఎక్కడికెళ్దాం చెప్పు?" అన్నారు. నాకు ఒక్క ఊరి పేరూ నోటికి రాలేదు. వెళ్ళొచ్చు అని తెలిసినా కాలు కదలడానికి చాలాకాలం పట్టింది. ఆయన మ్యాప్ తెరిచి పెట్టుకుని ఎదురుచూస్తుంటే, నేను కిటికీలోంచి ఎదుటివాళ్ళ గరాజ్ తలుపు వైపు చూస్తూ, "కాస్త ఆగుదామండీ" అన్నాను.